ముక్కు కుట్టని సామి ఎద్దు

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే మా పాళెంలోని ఎడ్లన్నిటినీ నొయ్యల్ ఏటి పల్లంలోకి తోలేశారు. దండు పోతోందనీ, సామాను లాగడానికి ఎడ్లను పట్టుకుపోతారనీ కబురొచ్చింది. కుంపిణీ దొరతనం నాటి మాట ఇది.

సింగానల్లూరు చెరువుకు తూర్పున, నల్లరేగడి అంచున చిన్న ఊరు మాది. తెలుగు సీమ నుంచి మా పెద్దలు ఆవుల మందను ముందు తోలుకుంటూ వచ్చి, మంద పడుకున్న చోట ఊరు కట్టారంటారు. ఆ మంద సంతతిలో ఒక కోడెను సామికి వదిలేవారు. దానికి ముకుతాడు కోసం ముక్కు కుట్టరు, కాడి పెట్టరు, కర్రతో తాకరు. ఎవరి చేలో మేసినా అదిలించరు. దాన్ని చూసుకునే పని మా నాయనది. ఆయన నడిస్తే అది వెనకాలే నడిచేది...

ఆ రోజు దాన్ని మాత్రం తోలలేదు.

"సామి ఎద్దును ఎవురు ముట్టేది తమ్ముడూ? ముక్కు చూస్తేనే తెలుస్తాది గదా" అన్నాడు మా పెదనాయన. ఊరికి పెద్ద ఆయనే. అందరూ సరేనన్నారు.

దండు బంట్రోతు ఇద్దరు కూలీలతో వచ్చాడు. కొట్టాలన్నీ ఖాళీ. సామిని కొలిచే గుడిసె ముందు చొప్ప నములుతూ ఇదొక్కటే ఉంది.

"ఊరి నిండా పేడ ఉండాది, ఎద్దు ఒకటేనా నాయకరే?" అని బంట్రోతు నాయనను చూసి నవ్వాడు. "ముక్కు కూడా కుట్టలేదే. బాగా గారాబంగా పెంచినారు."

"అది సామిది అయ్యా. కాడి ఎరగదు. దానికి బదులు నా ఎడ్ల జత..." అని నాయన ఆగిపోయాడు.

"నీ జత యాడ?"

జత పల్లంలో ఉంది. దానితోపాటు ఊరి ఎడ్లన్నీ ఉన్నాయి. ఒకటి చూపిస్తే అన్నీ చూపించినట్టే. పెదనాయన నేల చూస్తున్నాడు.

"నా కాడ ఎడ్లు లేవయ్యా" అన్నాడు నాయన.

"లేకుంటే ఇదే పోవాల."

కూలీలు మెడకు తాడు వేసి లాగితే అది కదల్లేదు. బంట్రోతు కర్ర ఎత్తాడు. నాయన అడ్డం వెళ్ళి, "కొట్టొద్దు సామీ, నేనే తోలుకొస్తా" అన్నాడు. తాడు తీయించి ముందు నడిచాడు. అది ఎప్పటిలాగే ఆయన వెనకాల నడిచింది.

వెంట పోదామని నేనూ లేచాను.

"నువ్వు ఇంటికాడ ఉండమ్మీ" అన్నాడు, తిరిగి చూడకుండా.

మధ్యాహ్నానికి ఒక్కడే వచ్చాడు. దండు డేరాల దగ్గర దానికి ముక్కు కుట్టారని అమ్మతో చెప్పాడు. తను తల పట్టుకుంటేనే అది నిలబడిందట...

మర్నాడు ఊరి ఎడ్లన్నీ తిరిగొచ్చాయి. మా జత కూడా. ఎవరూ నాయనను తప్పు పట్టలేదు. ఆ వారమే దుక్కులు మొదలుపెట్టారు. ఇంకో కోడెను సామికి వదులుదామంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు పోదనూరు దాకా రైలు వచ్చింది. దండు సామాను అందులోనే పోతోంది... ఎడ్ల కోసం మా ఊరికి ఎవరూ రారు. సామి గుడిసె ఉంది, సామి ఎద్దు లేదు.

మీ పాళేల్లో సామి ఎడ్లు ఎలా పోయాయో తెలిసినవాళ్ళు చెప్పండి. మా ఇంట్లో పిల్లలు నన్ను అడుగుతుంటారు, మన ఎద్దును ఎవరు తోలుకుపోయారని... మా నాయనే అని చెప్పడానికి నాకు నోరు రాదు.