బ్రిడ్జి మీద నన్నే సాహెబ్ విచారణ

జగ్గయ్యపేట లారీ డ్రైవర్లలో నన్నే సాహెబ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఎదురొచ్చే బండి ఏ పని మీద పోతోందో కనుక్కోకుండా ఇరుకు బ్రిడ్జి దాటడు.

యాభై ఎనిమిదో సంవత్సరం నాటి మాట. చిల్లకల్లు దాటి నందిగామ వైపు రెండు మైళ్ళు పోతే వాగు మీద ఒక పాత బ్రిడ్జి ఉండేది. దాని మీదకి లారీ ఎక్కిందంటే పక్కన మేకపిల్లకి కూడా చోటుండదు. రెండు వైపులా బండ్లొస్తే ఎవరో ఒకరు ఆగాలి. మిగతా డ్రైవర్లు ఆ సంగతి హారన్లతో తేల్చుకునేవారు. నన్నే సాహెబ్ మాత్రం ఇంజను ఆపి, లుంగీ సర్దుకుని, బ్రిడ్జి పొడుగునా నడిచి వెళ్ళి అవతలి బండి తలుపు మీద మర్యాదగా తట్టేవాడు.

"సలామండీ. తమరేం పని మీద పోతున్నారు?"

"మిరపకాయలు. హైదరాబాదు."

"అయ్యో, తడిస్తే బూజు పడతయ్. తమరే ముందు."

పెళ్ళివారి బస్సయితే ముహూర్తం ఎన్నింటికో అడిగేవాడు. గొర్రెల మందయితే కాపరి అన్నం తిన్నాడో లేదో అడిగేవాడు. ఇన్ని అడిగీ చివరికి ఒక్కసారి కూడా తనకి అనుకూలంగా తీర్పు చెప్పుకోలేదు. ఎందుకంటే ఆయన లారీలో ఉండేది సున్నపురాయి.

"రాయికి తొందరేంటండీ? భూమి పుట్టినప్పట్నించీ పడుకునే ఉంది. ఇంకో గంట పడుకోలేదా?" అనేవాడు.

ఒకసారి శవయాత్ర ఎదురైంది. సాహెబ్ దిగి అడగనే అడిగాడు. అడిగినవాడు ఊరుకోలేక పాడెకి భుజం కూడా పట్టాడు. శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి మూడు గంటలైంది. అప్పటిదాకా రోడ్డు మీద లారీకి కాపలా కాసింది క్లీనరు బసవయ్య.

ఈ మర్యాదలన్నిటికీ మధ్య నలిగిపోయింది బసవయ్యే. వయసు ముప్పై ఎనిమిది. ఆ రోడ్డు మీద క్లీనర్లందరికీ తాతలాంటివాడు. ఆ లారీ ఇంజను ఆగిందంటే ముందువైపు హ్యాండిలు దూర్చి తిప్పితే గాని లేవదు. తిప్పాల్సింది బసవయ్య.

"సాయిబుగారూ, నా కుడి భుజం ఎడం భుజానికంటే లావెక్కిందండీ."

"రేపట్నించి ఎడంచేత్తో తిప్పు బసవయ్యా. సమానమవుద్ది."

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. నందిగామలో సున్నపుబట్టీ, ఈ లారీ రెండూ భవానీప్రసాద్ గారివి. రాయి ఆలస్యమై బట్టీ రెండుసార్లు చల్లారేసరికి ఆయన సాహెబ్‌ని పిలిపించాడు.

"ఇంకోసారి ఆ బ్రిడ్జి కాడ దిగావంటే మళ్ళీ లారీ ఎక్కొద్దు. తెలిసిందా?"

"చిత్తమండీ," అన్నాడు సాహెబ్.

అన్నమాట ప్రకారం ఎనిమిది రోజులు దిగలేదు. ఎనిమిది రోజులూ ముసురే. ఎదుటి బండి ఆగితే తను పోయాడు, పోతుంటే తను ఆగాడు, అంతే. లారీ వేళకి చేరింది. బసవయ్య భుజానికి తెరిపి దొరికింది. దానికి సంతోషించాలని బసవయ్య చాలా ప్రయత్నించాడు గాని కుదరలేదు. సాహెబ్ నోట్లోంచి మాట రావడం లేదు. బీడీ వెలిగించుకుని, పీల్చడం మరిచిపోయి, అది వేలు కాల్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. లారీలో ఇద్దరున్నారన్న మాటే గాని శవం పక్కన కూర్చున్నట్టుండేది బసవయ్యకి.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం వాగు ఎర్రగా, ఒడ్డుల్ని కోసుకుంటూ పారుతోంది. బ్రిడ్జి నడిమధ్య ఒక ఖాళీ ఎద్దుబండి నిలబడి ఉంది. కాడికి ఒక పక్కే ఎద్దు. రెండో పక్క కాడిని ఒక మనిషి భుజాన మోస్తున్నాడు. చేతిలో ఎద్దు మెడకి కట్టే మువ్వల పట్టెడ. మొహం వాగు వైపు.

అలవాటుకొద్దీ సాహెబ్ ఇంజను ఆపాడు. దిగబోయి, గుర్తొచ్చి ఆగిపోయాడు.

"బసవయ్యా, నువ్వు పోయి అడిగిరా."

బసవయ్య సణుక్కుంటూ వానలో వెళ్ళి, సణుక్కుంటూ వచ్చాడు. "తనకేం తొందర లేదంట. బండి వెనక్కి తీసుకుంటాడంట. మనల్నే పొమ్మన్నాడు. పదండి, ఇన్నాళ్ళకి ఒక బుద్ధిమంతుడు దొరికాడు."

సాహెబ్ తలుపు మీద చెయ్యేశాడు. "తొందర లేదన్నాడా?"

"ఆ."

"పదకొండేళ్ళ నించీ అడుగుతున్నా. తొందర లేదన్నోడు ఒక్కడు లేడయ్యా ఈ బ్రిడ్జి మీద. పని లేనోడు ఈ వానలో, వాగు వంక చూస్తా, ఎందుకు నిలబడతాడు?" అంటూనే దూకేశాడు.

వెళ్ళి ఆ మనిషికీ పిట్టగోడకీ మధ్య నిలబడ్డాడు.

"సలామయ్యా. ఏ ఊరు మనది?"

"చిల్లకల్లు. పుల్లయ్యంటారు."

"ఇంటికేనా?"

పుల్లయ్య చేతిలో పట్టెడ వంక చూశాడు. "పొద్దున నందిగామ కాడ దీని జోడెద్దు కూలబడింది. మళ్ళీ లేవలా. మా ఆడమనిషి దూడప్పట్నించీ చేత్తో తినిపించి పెంచుకుంది దాన్ని. ఏ మొహం పెట్టుకుని పోను? మీరు పోండి సాయిబుగారూ. నాకేం తొందర లేదు."

"నీకు లేదు, సరే. దీనికి?" అని సాహెబ్ మిగిలిన ఎద్దు వీపు మీద చెయ్యి వేశాడు.

అది వానకి వణుకుతోంది. అదొకటి ఉందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూశాడు పుల్లయ్య. "పొద్దుట్నించీ గడ్డి పరక కూడా తిన్లేదు," అన్నాడు.

"అయితే మా రాయికంటే దీని పని పెద్దది. తమరే ముందు." సాహెబ్ వెనక్కి తిరిగి కేకేశాడు. "బసవయ్యా! ఇటొచ్చి కాడెత్తుకో."

"నేనా?"

"మరెవరు? నీది ఆరితేరిన భుజం." దగ్గరికొచ్చాక గొంతు తగ్గించాడు. "ఇంట్లో అప్పజెప్పేదాకా వదలొద్దు. నోరు మాత్రం ఆపమాక."

"ఏం మాట్లాడనండీ?"

"నన్ను తిట్టు. రెండు మైళ్ళూ సరిపోద్ది."

బండికి దారివ్వాలంటే లారీ వెనక్కి పోవాలి. వెనక జీపులో భవానీప్రసాద్ గారున్నారు. జగ్గయ్యపేట నుంచి నందిగామ క్లబ్బుకి పోతూ, మండిపడుతూ దిగారు.

"ఏం చెప్పా నీకు?"

"ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదామండీ. ఇంతకీ తమరేం పని మీద పోతున్నారు?"

భవానీప్రసాద్ గారు పేకముక్కల కట్టని జేబులోకి తోసుకున్నారు. బ్రిడ్జి మీద ఎద్దు పక్కన కాడి కింద నిలబడ్డ బసవయ్యని చూశారు. పట్టెడ పట్టుకున్న పుల్లయ్యని చూశారు. జీపుని వెనక్కి పంపించారు. హ్యాండిలు తిప్పేవాడు కాడి కింద ఉన్నాడు కనక, పంచె ఎగ్గట్టి ఆయనే తిప్పారు. నాలుగో తిప్పుకి లారీ లేచింది.

చిల్లకల్లు దాకా బసవయ్య చెప్పినట్టే చేశాడు. హ్యాండిలు దగ్గర మొదలుపెట్టి, శవయాత్ర మీదుగా, సాహెబ్‌ని అణువణువూ తిట్టాడు. తిడుతుంటే మధ్యలో ఒక సంగతి తోచింది. అన్నేళ్ళు అందర్నీ అడిగాడు కాబట్టే కదా, ఈ ఒక్కడి జవాబు తేడాగా ఉందని తెలిసింది! ఆ తర్వాత తిట్లలో మునుపటి పట్టు లేదు గాని, ఆపలేదు.

గుమ్మంలో పుల్లయ్య భార్య రాఘవమ్మ నిలబడి ఉంది. కాడి వంక చూసింది. మొగుడి చేతిలో పట్టెడ చూసింది. వచ్చి దాన్ని మెల్లిగా తీసుకుని కొంగుతో తుడిచింది.

"పోతే పోయింది," అంది. "వాగు పొంగిందన్నారు. నీ కోసం ఊరి చివరిదాకా రెండుసార్లొచ్చి చూసిపోయా."

పుల్లయ్య తల వంచుకుని మొహం తుడుచుకున్నాడు. అప్పుడామె కాడి కింద ఒగరుస్తున్న బసవయ్యని చూసింది. "ఈయనెవరు?"

పుల్లయ్య తనూ ఒకసారి పరీక్షగా చూశాడు. "లారీవాళ్ళిచ్చారు. లాగడం బానే లాగుద్ది గాని, దారంతా ఒకటే నస."

రాఘవమ్మ ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది. ఎద్దు ముందు కుడితి బాన పెట్టి బసవయ్య వైపు తిరిగింది.

"నువ్వు కుడితి తాగుతావా నాయనా, మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగమ్మా," అని బసవయ్య కాడి దించాడు.