ఒక్క రాత్రి నిద్ర

అండమాన్‌లో ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత ఆలోచించలేదు. నేను పోస్టాఫీసులో గుమస్తాని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఎల్.టి.సి. కింద విమానం టిక్కెట్ల ఖర్చు ఆఫీసుదే. ఆ రోజుల్లో ఆమదాలవలసలో ఏ ఉద్యోగిని కదిపినా అండమాన్ వెళ్ళొచ్చాననో, వెళ్తున్నాననో అనేవాడు. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నేనూ బయల్దేరాను. నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ. ప్రయాణం సంగతి ఆఫీసు చూసుకుంటోంది కాబట్టి మేం తేల్చుకోవాల్సింది బస ఒక్కటే.

రోజూ భోజనం చేసి ఫోను పట్టుకుని కూర్చునేవాణ్ణి. గదుల ఫొటోలు, వాటి కింద దిగి వెళ్ళినవాళ్ళు రాసిన మంచీ చెడ్డా. ఒకడు స్వర్గం అంటాడు, ఇంకొకడు దుప్పట్లు కంపు అంటాడు. పక్కన కూర్చుని పిల్లలు ఈతకొలను కావాలనేవాళ్ళు. సముద్రం పక్కన ఈతకొలను ఎందుకురా అని కసురుకుని, మళ్ళీ నేనే ఈతకొలను ఉన్నవి వెతికేవాణ్ణి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పోర్ట్ బ్లెయిర్ బజారులో మామూలు లాడ్జి, రెండు గదులు, కిటికీ తీస్తే రోడ్డు. రెండోది అక్కడి నుంచి పడవలో రెండు గంటలు వెళ్ళాక వచ్చే హేవ్‌లాక్ దీవిలో కాటేజీ. మెట్టు దిగితే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు.

ఎవరైనా రెండోదే ఎంచుకుంటారు. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో మా అత్త ఉంది.

మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. మా జిల్లాలో అండమాన్ అంటే ముందు గుర్తొచ్చేది కూలి పని. ఆవిడ భర్త, అంటే మా మావ, తాపీ పని వెతుక్కుంటూ విశాఖపట్నంలో ఓడ ఎక్కి అక్కడ తేలాడు. తర్వాత అత్తను తీసుకెళ్ళాడు. వాళ్ళుండే వీధంతా మనవాళ్ళే, సోంపేట వాళ్ళు, టెక్కలి వాళ్ళు. నా చిన్నప్పుడు అత్త రెండు మూడేళ్ళకోసారి ఓడలో వచ్చేది. సంచీ నిండా గవ్వలు తెచ్చేది. వచ్చినప్పుడల్లా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఒరే అల్లుడా, మా దీవికి ఎప్పుడొస్తావురా" అనేది.

మేం బయల్దేరడానికి అయిదు నెలల ముందు మావ పోయాడు. నేను వెళ్ళలేదు. ఓడకైతే మూడు రోజులు, విమానానికి అప్పటికప్పుడు టిక్కెట్టు దొరకదు, సెలవు ఇవ్వరు అని మూడు కారణాలు చెప్పాను. మూడూ నిజమే. అయినా ఎవరైనా మూడు కారణాలు చెప్పారంటే వెళ్ళాలని లేదనే లెక్క. మా నాన్న అప్పటికే లేరు. అత్తకు పుట్టింటి తరఫు మగవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

టిక్కెట్లు వచ్చిన రోజు మా అమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చేయలేదు.

"ఒరే, అక్కడికెల్తన్నావు కదా, మీ అత్తకి నిద్ర సేయించు. మొగుడు పోయి అయిదు నెల్లయింది. పుట్టింటి నుంచి ఒక్కరూ ఎల్లనేదు. ఎవులింటి గడపా తొక్కనేకపోతంది."

ఇది మా వైపు పద్ధతి. భర్త పోయిన మనిషిని దినకార్యం అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక్క రాత్రి పడుకోబెడతారు. పొద్దున్న స్నానం చేయించి కొత్త చీర పెట్టి పంపిస్తారు. దాన్నే నిద్ర చేయించడం అంటారు. అది అయ్యేదాకా ఆవిడ ఇంకొకరి ఇంట్లో అడుగు పెట్టకూడదు.

"పుట్టిల్లు ఇక్కడుంటే అక్కడెలా చేయిస్తానే?" అన్నాను.

"మనం ఎక్కడ దిగితే అదే దానికి పుట్టిల్లు. నువ్వు అద్దెకి తీసుకున్న గదైనా సరే. ఒక్క రేతిరి మీతో పడుకుని, లేసి తానం సేసి, నువ్వెట్టిన కోక కట్టుకుని ఎల్తాది. అంతేకదేటి?"

అంతే. ఇంతకన్నా తేలిక పని ఇంకోటి లేదు. బజారు లాడ్జిలో ఒక్క రాత్రి రెండు గదులు తీసుకుంటే అయిపోయేది. లేదా అత్తను మాతోపాటు పడవ ఎక్కించి కాటేజీకి తీసుకెళ్ళినా సరిపోయేది. మా ఆవిడ రెండోదే అంది. "పాపం, ఆవిడ కూడా నాలుగు రోజులు గాలి మార్చుకుంటుంది" అంది. ఈ కథలో మా ఆవిడ తప్పు ఎక్కడా లేదు. తమవాళ్ళ గొడవల్లో తప్పంతా పెళ్ళాం మీదకు తోసేసే మగవాళ్ళని చాలామందిని చూశాను. ఆ సౌకర్యం నాకు లేకపోయింది.

అసలు సంగతి చెప్పేస్తాను. నాకు అత్తంటే సిగ్గు. అత్త చుట్ట కాలుస్తుంది, అదీ అడ్డపొగ. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుంటుంది. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే. ఇంటి అరుగు మీద ఆవిడ అలా కూర్చుంటే నాకు ఏమీ అనిపించదు. కానీ ఆ ఫొటోల్లో తెల్లటి కుర్చీల మీద టోపీలు పెట్టుకున్నవాళ్ళు పడుకుని ఉన్నారు. వాళ్ళ మధ్య మా అత్త గొంతుక్కూర్చుని నోట్లో నిప్పు పెట్టుకుని పొగ వదులుతున్నట్టు ఊహించుకున్నాను. నాలుగు రాత్రులూ హేవ్‌లాక్ కాటేజీకే కట్టేశాను.

అత్త ఫోన్ చేసింది. గొంతులో ఆ సంతోషం ఇప్పటికీ వినిపిస్తుంది. "ఎక్కడ దిగుతారురా?" అని అడిగింది. నేను సిద్ధంగా పెట్టుకున్న అబద్ధం చెప్పాను. ఎల్.టి.సి. మీద వస్తే హోటల్లోనే దిగాలి, బిల్లులు చూపించకపోతే టిక్కెట్ల డబ్బు వెనక్కి తీసుకుంటారు అన్నాను. అలాంటి రూలు ఏమీ లేదు. వాళ్ళకు కావలసింది విమానం టిక్కెట్లు మాత్రమే.

అత్త అడిగింది. "ఒరే, ఆ హోటలు గదిలో నాలాటి మనిషి ఒక్క రేతిరి పడుకుంటే మీ ఆఫీసోలు ఏటైనా అంటారేటి? మంచం అక్కర్నేదు. నేల మీద తొంగుంటాను."

అమ్మ చెప్పింది కదా, ఆవిడ ఏం అడుగుతోందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. "అందరి పేర్లూ రాయించుకుంటారత్తా. ఇంకొకరిని ఒప్పుకోరు."

"సరే నాయనా. గవర్నమెంటోలు సెప్పినట్టే సెయ్యాలి కదా. ఉజ్జోగం ముక్కెం" అంది. ఒక్క మాట కూడా ఎక్కువ అడగలేదు. తిట్టుంటే బాగుండేది. మా నాన్న చెల్లెలికి ఇంత మంచితనం ఎక్కడి నుంచి వచ్చిందో, మా నాన్నకైతే లేదు, నాకూ రాలేదు.

కాటేజీ ఫొటోలో ఉన్నట్టే ఉంది. లోపల పెద్ద మంచం, పిల్లలకు ఇంకో మంచం, కిటికీ పక్కన ఒకరు పడుకునే సన్నటి పరుపుబల్ల. అది ఎవరికీ అక్కర్లేకపోయింది. దాని మీద తడి తువ్వాళ్ళు వేసేవాళ్ళం. రెండో రోజు పొద్దున్న మా ఆవిడ వాటిని మడతపెడుతూ "మీ అత్తగారు సరిగ్గా సరిపోయేవారు" అంది. నేను ఒంటికాలి మీద లేచాను. డబ్బు పోసి వచ్చింది సముద్రం చూడ్డానికా, నా మీద నేరాలు మోపడానికా అని అరిచాను. పిల్లలు బిక్కమొహం వేసుకుని బయటికి పోయారు. ఆ తర్వాత ఆవిడ అత్త మాట ఎత్తలేదు. నీళ్ళు పచ్చగా, అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉండేవి. నాలుగు రోజులూ వాటిలో మునిగాను. ఏ తెల్ల కుర్చీలోంచీ ఎవరూ మా వైపు తిరిగైనా చూడలేదు. ఎవరి ముందు సిగ్గని ఇంత చేశానో వాళ్ళకు నేనున్నట్టే తెలియదు.

చివరి రోజు పొద్దున్న పడవలో పోర్ట్ బ్లెయిర్ వచ్చాం. మధ్యాహ్నం విమానం. మధ్యలో అత్త ఇంట్లో భోజనం.

రేకుల ఇల్లు, రెండు గదులు, ముందు చిన్న వసారా. అత్తా, ఆవిడ కొడుకూ ఉంటారు, అతను ఆ వేళ పనికి వెళ్ళాడు. అత్త బాగా చిక్కిపోయింది. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, వెంటనే లేచి ఆకులు వేసింది. పొద్దున్నే లేచి ఎన్ని వండిందో. ఆవ పెట్టిన కంద, చేపల పులుసు, పిల్లలకు బూరెలు. నేను మా అమ్మ పంపిన చీర తీసి ఇచ్చాను. కళ్ళకద్దుకుని "నిద్ర అయినాక కట్టుకుంటాన్లే" అని పెట్టెలో పెట్టింది.

అప్పుడు పక్కింటివాళ్ళు వచ్చారు. టెక్కలి వైపు వాళ్ళట. ఆ ఇంటావిడ వాకిట్లోంచే, అత్తను అక్క వరసలో పిలుస్తూ అడిగింది. "మీ అల్లుడొచ్చేడు కదా అప్పా, నిద్రకి తీసుకెల్నేదేటి?"

నేను మజ్జిగ పోసుకుంటున్నాను. అత్తే జవాబు చెప్పింది. "గవర్నమెంటు టిక్కెట్ల మీదొచ్చేరమ్మా. హోటల్లో వేరేవోలని ఒప్పుకోరంట. రూలు."

పక్కింటావిడ భర్త అక్కడే ఏదో ప్రభుత్వాఫీసులో అటెండరు. పాపం, నన్ను ఇరికించాలని ఆయనకు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎల్.టి.సి.యే కదండీ? దానికి హోటల్తో ఏటి పని? మేం మొన్న మనూరెల్లి మా బావ ఇంట్లోనే ఉన్నాం. టిక్కెట్లిస్తే ఆఫీసోలు డబ్బులిచ్చేసేరు."

మా ఆవిడ ఆకులోకి చూస్తోంది. నేను తలెత్తలేదు కానీ అత్త నన్ను చూస్తోందని తెలుస్తోంది. కొంచెం సేపే. తర్వాత లేచి నా ఆకులో ఇంకో బూరె వేసి, ఆయనతో అంది. "ఆలాఫీసు రూలు వేరేమో బాబూ. నీకు తెల్దులే."

నా కోసం ఆవిడ అబద్ధం ఆడింది. విమానానికి ఇంకా రెండు గంటల టైముంది. ప్రయాణం మానేసి, బజారులో ఆ లాడ్జికి వెళ్ళి, ఆ రాత్రికి గది తీసుకుని ఉండొచ్చు. టిక్కెట్లు పోతే పోయేవి. ఆ బూరె నములుతూ ఈ ఆలోచన చేశాను కూడా. తర్వాత చెయ్యి కడుక్కుని ఆటోను పిలవమన్నాను. అత్త వీధి చివరి దాకా వచ్చింది. మధ్యలో ఎవరి గుమ్మం ముందూ ఆగలేదు. అందరితోనూ రోడ్డు మీద నుంచే మాట్లాడింది.

నెల తిరక్కముందే ఫోన్ చేసింది. "నిద్ర అయిపోనాదిరా, నువ్వు బెంగెట్టుకోకు. పక్కింటి సెల్లి తీసుకెల్లింది. మీ ఊరూ మా ఊరూ ఒకే జిల్లా, నాను నీకు అప్పసెల్లెల్ని కానా అంది. కోక కూడా ఎట్టింది." సంతోషంగానే చెప్పింది. నాకు మొదట ప్రాణం తేలికపడింది, అబద్ధం ఎందుకు. ఇక ఆ పని నా నెత్తి మీద లేదు కదా అనుకున్నాను. గబగబా వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపింది. "అయితే ఇంక మనం దానికి సుట్టాలమేరా. పుట్టిల్లు కాదు" అంది.

అమ్మ ఊరికే అన్న మాట అనుకున్నాను. తర్వాత తర్వాత తెలిసింది. అత్త ఫోన్లు పండక్కీ పబ్బానికీ తగ్గాయి. ఆరోగ్యం బాగాలేదని నాకు ఆలస్యంగా తెలిసేది, కుదుటపడ్డాక. ఎందుకు చెప్పలేదంటే "పక్కింటోలు ఉన్నారు కదరా, సూసుకున్నారు" అనేది.

నాలుగేళ్ళకు అత్త కొడుకు పాత ఇల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పిలిచారు. అప్పటికి అమ్మ లేదు. ఈసారి సెలవు అడిగి, నా డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని ఒక్కణ్ణే వెళ్ళాను. పుట్టింటి బట్టలు పెట్టాలని బొబ్బిలి వెళ్ళి అత్తకు మంచి నేత చీర తెచ్చాను. కొత్తింట్లో ఆ రాత్రి ఇంటిల్లిపాదీ నిద్ర చేస్తారు. ఆ నేల మీద అత్త పక్కన చాప వేసుకుని పడుకోవాలి, అడగాల్సింది అడగాలి అనుకుంటూ వెళ్ళాను.

బట్టలు పెట్టేటప్పుడు పంతులు పుట్టింటివాళ్ళని పిలిచాడు. నేను చీర తీసుకుని లేచేసరికి పక్కింటావిడా, ఆయనా పళ్ళెం పట్టుకుని అప్పటికే అత్త ముందు నిలబడ్డారు. ఎవరూ నన్ను తప్పుకోమనలేదు. నేనే వెనక్కి వచ్చి కూర్చున్నాను. నా వంతు స్నేహితులతోపాటు వచ్చింది.

సాయంత్రం నా సంచీ గోడ వారగా పెట్టి "అత్తా, నాకో చాప ఇప్పించు" అన్నాను.

అత్త నవ్వింది. కోపం వెతికాను ఆ మొహంలో. ఉంటే పట్టుకుని బతిమాలుకునేవాణ్ణి. "ఇక్కడెక్కడరా, మా పుట్టింటోలంతా దిగేరు, కాలు పెట్టడానికి సోటు నేదు. నీకిబ్బందని మావోడు హోటల్లో గది తీసేడు. సముద్రం కనబడతాదంట. నీకదే ఇష్టం కదా" అంది. నేను కదలకపోయేసరికి, గది నచ్చదేమోనని నా భయం అనుకుంది. భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "ఏసీ ఉన్నాదేటో కూడా అడిగించేనురా. ఉన్నాదంట."