ఆఖరి పెట్టె కనబడేదాకా

ఆ శుక్రవారం పొద్దున్న దోర్కాకి కాళ్ళు నేల మీద ఆనలేదు. సోమవారం ఇల్లు రిజిస్ట్రేషను! అరవై ఏళ్ళు రైల్వే క్వార్టర్లలోనే బతికిన మనిషి, గోడకి మేకు కొట్టాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించిన మనిషి, ఇంకో మూడు రోజుల్లో ఖరగ్‌పూర్ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇంటికి యజమానురాలు కాబోతోంది. బీరువాలో ఉన్న ఒకే ఒక్క పట్టుచీర తీసి మంచం మీద పరిచింది, మడిచింది, మళ్ళీ పరిచింది. టీ పొంగి పొయ్యంతా అయినా తిట్టుకోలేదు, నవ్వుకుంది.

ఇల్లమ్మేది ఒక బెంగాలీ టీచరమ్మ. అడ్వాన్సుగా బయానా ఇచ్చేసింది. మిగతా పన్నెండు లక్షలు సోమవారం ఆవిడ చేతిలో పెట్టాలి. రిటైరైనప్పుడు దోర్కాకి వచ్చిన సొమ్ములో మిగిలింది సరిగ్గా అంతే. క్వార్టరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆ డబ్బు ఉంటే ఇల్లు, లేకపోతే అద్దెకొంప, అంతే లెక్క.

ఈ దోర్కా ఎవరో చెప్పాలి. ఈవిడ ముత్తాత బి.ఎన్.ఆర్., అంటే పాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో భీమిలి వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చాడు. తరవాత తాత, తండ్రి, మొగుడు, అందరూ రైల్వేనే. మొగుడు పోయేనాటికి దోర్కాకి ముప్పై నాలుగు. ఆయన ఉద్యోగం కింద ఈవిడకి ఇచ్చారు, ఊరి అవతల చిన్న స్టేషనులో. కాగితాల మీద ఉద్యోగం పేరు పాయింట్స్‌మన్. "మ్యాన్ అని రాసినారేటండీ, నాను ఆడదాన్ని గదా" అనడిగితే హెడ్ క్లర్కు తాపీగా "రైల్వేలో అందరూ మ్యానే దీదీ" అన్నాడట. ఇప్పటికీ ఈ ముక్క చెప్పి తనే ముందు నవ్వుతుంది.

పని చూస్తే జెండా పట్టుకుని నిలబడడమే అనిపిస్తుంది. కాదు. బండి స్టేషను దాటేటప్పుడు ఆఖరి పెట్టె వెనక ఒక పలక ఉంటుంది. అది కళ్ళారా చూసి, "మొత్తం బండి వచ్చేసింది సార్" అని స్టేషన్ మాస్టరుకి చెప్పాలి. మధ్యలో నాలుగు పెట్టెలు తెగి వెనక పట్టాల మీద ఉండిపోతే? ఆ సంగతి తెలియక రెండో బండిని వదిలితే? అందుకని ఆ పలక చూడనిదే లైను ఖాళీ అనకూడదు. ఇప్పుడు ఇరుసులు లెక్కపెట్టే మిషన్లు వచ్చాయి గాని, దోర్కా కళ్ళకి మాత్రం ఆ అలవాటు పోలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడకుండా చూశానని చెప్పలేదు.

ఇంత జాగ్రత్త మనిషీ ఆ శుక్రవారం పొద్దున్న ఆ పన్నెండు లక్షలూ ఎవరో తెలియనివాడికి పంపడానికి బ్యాంకు చీటీ రాసి హ్యాండు బ్యాగులో పెట్టుకుంది! నవ్వకండి. మనమెంత?

ఎలా జరిగిందంటే, తమ్ముడు విల్‌ఫ్రెడ్ వల్ల. వర్క్‌షాపులో ఫిట్టరు, యాభై నాలుగేళ్ళవాడు, సంతోషం వస్తే దాచుకోలేడు. వాళ్ళ తెలుగు చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు, బదిలీ ఆగినవాళ్ళు లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చుంటారు. రెండు వారాల కిందట విల్‌ఫ్రెడ్ లేచి, క్రిప్టో కాయిన్లలో తాను పెట్టిన నలభై వేలు మూడు లక్షల పది వేలయిందని కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. చర్చంతా స్తోత్రం అంది. ప్రార్థన అయ్యాక గుమ్మంలో అతని చుట్టూ పదిమంది మూగి ఫోన్లు తీశారు.

ఆ కాయిన్లు చూపించినవాడి పేరు ఏబెల్. వాణ్ణి ఎవరూ చూడలేదు. ఫోనులో గొంతు మాత్రమే. కానీ ఏం గొంతు! "ఏటి పిన్నీ, మోకాలు నొప్పి తగ్గిందా? మాది భీమిలి పక్కనే. మీది మా ఊరి మాటే" అన్నాడు మొదటిరోజే, మోకాలి సంగతి తమ్ముడి దగ్గర విని. ఖరగ్‌పూర్‌లో నాలుగు తరాలుగా ఉంటున్నవాళ్ళకి ఇది ఎంత మాటో బయటివాళ్ళకి తెలియదు. బజారులో బెంగాలీ, ఆఫీసులో హిందీ, ఇంట్లో పిల్లలకి తెలుగు సగం సగం. అమ్మమ్మ మాట్లాడిన మాట ఫోనులోంచి వినబడేసరికి దోర్కా మనసు వెన్నైపోయింది. మా ఊరివాడు అనుకుంది. తాను ఆ ఊరు ఒక్కసారి కూడా చూడలేదన్న సంగతి గుర్తు రాలేదు.

గురువారం సాయంత్రం "మూడు రోజులక్కా, మూడే!" అన్నాడు విల్‌ఫ్రెడ్. "రేపు పన్నెండు పెడితే సోమారం పొద్దున్నకి ఇరవై. రెండు గదులేటి, మేడే కట్టుకో!" దోర్కా గుండె ఎగిరిపడిందంటే ఎగిరిపడింది. మేడ! మేడ మీద వరండా, వరండాలో కుర్చీ! రాత్రంతా ఆ కుర్చీ ఎటువైపు వెయ్యాలో ఆలోచించింది.

పదిన్నరకి గుమ్మం ముందు టోటో ఆగింది. బ్యాటరీ రిక్షాని ఇక్కడ అందరూ టోటో అనే అంటారు. బ్యాంకుకని అక్కా తమ్ముడూ ఎక్కారు. ఏబెల్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. పన్నెండింటికల్లా డబ్బు పడకపోతే అవకాశం పోతుందట. ఎందుకు పంపుతున్నారని బ్యాంకులో అడిగితే చుట్టాల పెళ్ళికని చెప్పమన్నాడట. ఆ అబద్ధం మాట దోర్కాకి కొంచెం గుచ్చుకుంది గాని, మేడ గుర్తొచ్చి ఊరుకుంది.

దారిలో గేటు పడింది. గూడ్సు బండి. ఒకటే పొడుగు, బొగ్గు పెట్టెలు, వస్తూనే ఉన్నాయి. టోటోవాడు విసుక్కుంటున్నాడు, విల్‌ఫ్రెడ్ గడియారం చూస్తున్నాడు. దోర్కా మాత్రం అలవాటుగా మెడ చాచి చూస్తోంది. ఆఖరి పెట్టె దాటింది, వెనక పలక కనబడింది. ఆమె పెదవులు వాటంతటవే "మొత్తం వచ్చేసింది సార్" అన్నాయి.

అని, ఆగిపోయింది. తమ్ముడి కేసి తిరిగింది.

"విల్‌ఫ్రెడ్, నీ మూడు లక్షలు నీ సేతికి వచ్చినాయా?"

"ఫోన్లో ఉన్నాయి గదక్కా, సూపించినాను గదా."

"ఫోన్లో సూసినాను. సేతికి ఎంత వచ్చింది?"

"రెండు వేలు వచ్చింది. మొదటి వారంలోనే ఇచ్చినారు. అది సూసే గదా నమ్మినాను."

"అంటే ఇంజను వచ్చింది. వెనక పెట్టెలు రాలేదు. రాకుండానే వెనక నా బండి వదిలెయ్యమంటన్నావేటి?"

గేటు లేచింది. దోర్కా టోటోవాడి భుజం తట్టి "దాదా, ఆ టీ దుకాణం దగ్గర ఆపు" అంది. బల్ల మీద కూర్చుని, విల్‌ఫ్రెడ్ ఫోను లాక్కుని, ఏబెల్‌కి తనే చేసింది.

"బాబూ, మా తమ్ముడి డబ్బు మొత్తం, ఆ మూడు లక్షల పది వేలూ ఇప్పుడే అతని ఖాతాలో పడెయ్యి. పడిందని నాను కళ్ళారా సూస్తాను. ఆ వెంటనే నా పన్నెండూ పంపుతాను."

"ఎంతసేపు పిన్నీ, ఇప్పుడే!" అన్నాడు వాడు హుషారుగా. విల్‌ఫ్రెడ్ మొహం వెలిగిపోయింది. రెండు నిమిషాలకి వాడే మళ్ళీ చేశాడు. "చిన్న పని పిన్నీ. తియ్యాలంటే ముందు పద్దెనిమిది శాతం పన్ను కట్టాలి. యాభై అయిదు వేల ఎనిమిది వందలు. అది కట్టగానే మొత్తం పడిపోద్ది."

"ఆ మూడు లక్షల్లోంచే కోసుకో."

"అలగ కుదరదు పిన్నీ. రూలు లేదు."

"నాయనా, ఇరవై ఆరేళ్ళు నా జీతంలో ఎన్ని కోతలు కోసినారో! ఒక్కనాడైనా ముందు నువ్వు కట్టు, తరవాత జీతమిస్తామని ఎవరూ అనలేదు."

వాడు దారి మార్చాడు. ఫోనులో ఒక చిన్న యాప్ వేసుకుంటే పిన్ని స్క్రీను తనకి కనబడుతుందట, అంతా తనే చేసిపెడతాడట. మధ్యలో మెసేజీలో ఒక నంబరు వస్తుంది, అది చదివితే చాలట.

"నా బ్యాంకు నీకెందుకు కనబడాల? ఆ నంబరు నీకెందుకు సెప్పాల?"

"నమ్మకం లేదా పిన్నీ? మన ఊరివాణ్ణి గదా!"

"పక్క స్టేషను మాస్టరు నాకు సొంత అన్న లాంటోడు. మా పిల్లకి పెళ్ళిచీర పెట్టినాడు. అయినా బండి మొత్తం దాటిందని సూసేదాకా ఆయన మాట ఆయనదే, నా పని నాదే. నమ్మకం వేరు, సూడ్డం వేరు!"

అప్పుడు మారింది వాడి గొంతు. అమ్మమ్మ మాట ఎటు పోయిందో పోయింది. పన్నెండు దాటితే విల్‌ఫ్రెడ్ డబ్బు కూడా పోతుందనీ, ముసలాళ్ళతో ఇదే తలనొప్పనీ గట్టిగా అరిచాడు. అరవనీ! సిగ్నలు పడకుండా డ్రైవరు ఎంత హారను కొట్టినా దోర్కా ఏనాడూ కంగారుపడలేదు. ఫోను కట్టేసి, బ్యాగులోంచి చీటీ తీసి నాలుగు ముక్కలు చేసి, రెండు టీలు చెప్పింది. భయమూ సంతోషమూ రెండూ ఒకేసారి వచ్చి ఆమెకి పెద్దగా నవ్వొచ్చింది.

విల్‌ఫ్రెడ్ నవ్వలేదు. "ఆ యాభై అయిదు వేలు ఇయ్యక్కా. కట్టేస్తే నాదైనా వస్తాది" అన్నాడు.

"రాదురా. అది కడితే ఇంకోటి అడుగుతాడు."

అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తరవాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. మొదట ఫోనులో క్రికెట్టు పందాలు ఆడాడట. ఎనిమిది వందలు గెలిచాడు, ఆ ఎనిమిది వందల ఆశతో ఎనిమిది నెలల్లో లక్షా డెబ్బై వేలు పోగొట్టాడు. పోయింది రాబట్టుకోవాలని కాయిన్లలో దిగాడు. ఆ నలభై వేలూ భార్య ఆలిస్ గాజులు తాకట్టు పెట్టి తెచ్చినవి. ఇంకొకటి కూడా ఉంది. అది చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. "నీ పన్నెండు లక్షలు తెప్పిస్తే నాకు లక్షా ఇరవై వేలు కమీషను ఇస్తానన్నాడక్కా."

తన ఇంటి మీద తమ్ముడికి కమీషను! దోర్కాకి కొట్టాలనిపించింది. టీ దుకాణమని చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టింది, బెంగాలీలో కొంత, తెలుగులో చాలా. తిట్టడం అయ్యాక అతని రెక్క పట్టుకుని లేపింది. "లెగు. ఏడుపు తరవాత. ముందు పని."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పరుగులే. సైబరు మోసాలకి ఉన్న 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. బ్యాంకులో చెప్పారు. ఏబెల్ పంపిన మెసేజీలన్నీ విల్‌ఫ్రెడ్ చెరిపెయ్యబోతుంటే దోర్కా అతని చేతి మీద కొట్టి, అన్నీ ఫొటోలు తీయించి దాచింది. పోయిన డబ్బు వచ్చినా రాకపోయినా ఆ ఆశతో ఇంకో రూపాయి పంపకూడదని ఒట్టు వేయించుకుంది. సాయంత్రం ఆలిస్ ముందు కూర్చోబెట్టి గాజుల సంగతి అతని నోటితోనే చెప్పించింది. ఆలిస్ ఆ రోజు అతనితో మాట్లాడలేదు. రెండోరోజు అన్నం పెట్టింది, అప్పుడూ మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం దోర్కాకి ఇంకో సంగతి తట్టింది. తమ్ముడి సాక్ష్యం విని ఫోన్లు తీసిన ఆ పదిమంది!

ఆదివారం పాటలయ్యాయి. సంఘ పెద్ద సమూయేలు గారు "సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి" అన్నారు. విల్‌ఫ్రెడ్ లేచాడు. అందరూ నవ్వుమొహాలు పెట్టుకుని తిరిగారు, ఈసారి ఎంత పెరిగిందో విందామని.

"ఆ వేళ నాను సెప్పింది తప్పు" అన్నాడు. దగ్గి, మళ్ళీ మొదలెట్టాడు. "నా నలభై వేలు పోయినాయి. అంతకుముందు పందాల్లో లక్షా డెబ్బై పోయింది. ఫోన్లో కనబడింది డబ్బు కాదు. మొత్తం తియ్యబోతే తెలిసింది. నా మాట విని పెట్టినోళ్ళు ఈరోజే మీది తీసి సూడండి. పన్ను కట్టమంటే కట్టకండి. దయసేసి కట్టకండి."

ఆ చర్చిలో పోయిన సంగతి సాక్ష్యంగా చెప్పినవాళ్ళు అప్పటిదాకా లేరు. సమూయేలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని, "నాది లక్షా పది వేలు" అన్నారు. "ఇంట్లో కూడా సెప్పలేదు."

వెనక వరసలో మీనాకుమారి ఉలిక్కిపడి లేచింది. ఆమె మొగుడు ఆదివారాలు ఇంట్లోనే పడుకుంటాడు. "అయ్యో, మా ఆయన ఇవేళే పంపుతానన్నాడు! సాలువా ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బు!" అంటూ ఫోను చెవికి పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. చర్చంతా తలలు తిప్పి గుమ్మం కేసి చూసింది. పాట పాడేవాళ్ళు లేరు, ప్రార్థన చేసేవాళ్ళు లేరు. బయట నుంచి ఆమె అరుపు మాత్రం వినబడుతోంది, "పంపకు! పంపినావేటి? సెప్పు, పంపినావేటి?" తరవాత కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తరవాత గేటు దగ్గర నుంచి గట్టిగా, "పంపలేదట! ఇంకా పంపలేదట!"

ఆలిస్ మొగుడి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది. "కూకో" అంది. రెండురోజుల తరవాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు సమూయేలు గారు చూశారు. దోర్కా లేచింది. పట్టుచీర ఒకరోజు ముందే కట్టేసుకుంది, ఆగలేక.

"రేపు పదకొండింటికి నా ఇల్లు రిజిస్ట్రేషను" అంది. "నా పన్నెండు లక్షలూ పన్నెండు లక్షలుగానే ఉన్నాయి. ఒక్క రూపాయి పెరగలేదు. దేవుడికి స్తోత్రం!"