సైలెన్సర్ మీద కల్లు

నా ముక్కు పనిచేయడం మానేసి ఏడాదిన్నర దాటాక నేను బీరు పోటీకి పేరిచ్చాను. బుద్ధున్నవాడు చేసే పని కాదని నాకు అప్పుడే తెలుసు.

అప్పట్లో అబుదాబీలో ఒక రెస్టారెంటులో పనిచేసేవాణ్ణి. అక్కడికక్కడే బీరు కాచి అమ్మడానికి వాళ్ళకు లైసెన్సుంది. నా పని ట్యాంకులు కడగడం. చేరేటప్పుడు, మా ఇంట్లో తాత కాలం నుంచీ కల్లు గీస్తారని చెప్పాను. బీరు కాచే మేడం దక్షిణాఫ్రికా మనిషి. నా మాట విని నాలుగు గ్లాసులు నా ముందు పెట్టి వాసన చూడమన్నారు. అందులో ఒకటి పాడైందని గ్లాసు ఎత్తకముందే చెప్పాను. ఆమె నవ్వి, ఎప్పటికైనా నిన్ను కాచే పనిలోకి తీసుకుంటానన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ట్యాంకులు అద్దాల్లా కడిగాను.

తర్వాత కొన్ని నెలలకే, 2021 ఎండాకాలంలో, నాకు కరోనా వచ్చింది. నన్ను ఒక గదిలో పెట్టారు. భోజనం తలుపు బయట పెట్టి వెళ్ళేవారు. అదే వారంలో ఊళ్ళో మా నాన్నకూ, అంటే బాపుకూ వచ్చింది. ఆయన్ను హాస్పిటల్‌కు తీసుకుపోయారన్న ఫోను పొద్దున వచ్చింది, పోయాడన్న ఫోను మర్నాడు వచ్చింది. బావ ఫోను పైకెత్తి పట్టుకుని అంత్యక్రియలంతా చూపించాడు. నెట్ సరిగా లేక బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మళ్ళీ కదిలేదాకా చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. జ్వరం వల్లేమో అనుకున్నాను. జ్వరం తగ్గాక కూడా రాలేదు.

వాసన అప్పుడే పోయింది. ఎవరికీ చెప్పలేదు. రుచి మాత్రం కొంచెం మిగిలింది. ఉప్పు, కారం తెలిసేవి, తక్కినవి తెలిసీ తెలియనట్టుండేవి. మేడం గ్లాసు అందించి ఎలా ఉందని అడిగితే, ముందు ఆమె మొహం చూసేవాణ్ణి. ఆమె కనుబొమలు ముడిపడితే బాగాలేదని, విప్పారితే బాగుందని చెప్పేవాణ్ణి. మనుషుల మొహాలు చదివి బతకొచ్చని అప్పుడే తెలిసింది. గదిలో మాత్రం నా గుట్టు దాచడం కష్టమయ్యేది. మొహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాలో నేనూ, డెలివరీ బండి నడిపే తమ్ముడొకడూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. సొంత తమ్ముడు కాదు, మా జగిత్యాల వైపు పిల్లవాడు. ఒకసారి విరిగిన పాలతో టీ పెట్టి వాడికిచ్చి, నేనూ గుటగుటా తాగేశాను. వాడు ఒక్క గుక్క తాగి నన్ను ఎగాదిగా చూశాడు. పరధ్యానంలో ఉన్నానని చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాతి ఏడు చలికాలంలో పోటీ పెట్టారు. తమ తమ దేశాల్లో ఇళ్ళల్లో బీరు కాచుకునే అలవాటున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఇక్కడ ఇంట్లో కాస్తే నేరం. కాబట్టి మా దగ్గరున్న చిన్న గిన్నెల్లో, మా కళ్ళముందే కాచుకోనిస్తామని మేడం అనుమతి తెచ్చారు. సెలవు రోజుల్లో మా దగ్గరికి మోటార్‌సైకిళ్ళ గుంపొకటి వచ్చేది, బహుమతి ఇచ్చేది వాళ్ళే. అందుకని ఎవరు కాచినా ఆ బీరు మోటార్‌సైకిల్‌ను గుర్తుచేయాలన్నది షరతు. పనివాళ్ళు కూడా పాల్గొనవచ్చన్నారు. కాచేచోట సహాయకుడి ఉద్యోగం ఖాళీగా ఉంది, ఎవరి చేయి మంచిదో ఈ వంకన చూస్తానని మేడం మాతో విడిగా చెప్పారు. నాతోపాటు ట్యాంకులు కడిగే ఫిలిప్పీన్స్ అతను ఆ రోజే పేరిచ్చాడు. నేను రెండు రోజులు ఆగి ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకని అడుగుతారు. ఇస్తే దొరికిపోతానేమో. రెండోదే మేలనిపించింది.

మోటార్‌సైకిల్ అంటే నాకు ఒక్కటే గుర్తుకొస్తుంది. బాపు చెట్లు గీసే మండువ నుంచి కల్లు దుకాణానికి క్యాన్లు తెచ్చే పాత బండి. సీటుకు అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టేవాడు. మూతలకు గుడ్డ చుట్టినా గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నురగ పొంగి సైలెన్సర్ మీద కారేది. కాలే ఇనుము మీద కల్లు పడితే చర్రుమని పొగ లేచేది. బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే ఆ వాసనకు బాపు వస్తున్నాడని మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నేను ఆ బీరు కాద్దామనుకున్నాను. మేడంకు చెబితే చాలా బాగుందన్నారు. మిగతావాళ్ళంతా నల్ల బీరు కాచి దానికి ఇంజనాయిల్ అని పేరు పెడుతున్నారని చెప్పి నవ్వారు.

పొగకు పొగపెట్టిన బార్లీ ఉంది. కల్లుకు ఏం చేయాలా అని ఆలోచించి, ముసఫ్ఫాలో కేరళ మలబారీ కిరాణా షాపులో తాటిబెల్లం కొన్నాను. అక్కడే నేను తప్పు చేశాను. బీరులో పడే ప్రతి వస్తువునూ మరిగించాలి, లేకపోతే అందులోని సూక్ష్మజీవులు బీరును పుల్లగా చేసి చెడగొడతాయి. ఆ సంగతి నాకు కొత్త కాదు. వాటిని కడిగి వదిలించడమే నా ఉద్యోగం. కానీ బెల్లం మరిగిస్తే దాని వాసన పోతుందని బాపు అనేవాడు. నాకేమో వాసన తెలియదు. ఎంత ఉందో తెలియని దాన్ని ఎంత పోగొట్టుకోవచ్చో ఎలా తెలుస్తుంది? రవ్వంత కూడా పోనివ్వకూడదనిపించింది. బెల్లాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, వడగట్టి, అలాగే పోసేశాను. ముక్కున్నవాడెవడూ అంత భయపడడు.

తర్వాత రోజూ బీరు పోసి మూసిన డ్రమ్ముకు చెవి ఆనించి వినేవాణ్ణి. బాపు కూడా కల్లు కుండకు, లొట్టికి చెవి పెట్టి, ఎంత పొంగిందో చెప్పేవాడు. మూడో రోజుకు లోపల చిటపటలాడింది. వారానికి సద్దుమణగాలి. మణగలేదు, పదో రోజు కూడా ఆగకుండా సన్నగా గుసగుసలాడుతూనే ఉంది. అది మంచి గుర్తు కాదని నా చెవి చెప్పింది. నాకు చెవి మాట వినాలని లేదు.

సీసాల్లోకి నింపాక మేడంను అడిగి రెండు గదికి తెచ్చుకున్నాను. తమ్ముడికి ఆ రోజు సెలవు. ఒకటి తెరిచి గ్లాసులో పోసి వాడికిచ్చాను. మామూలుగా అడిగినట్టే అడిగాను కానీ నా ఉద్యోగం మొత్తం వాడి ముక్కు మీద ఆధారపడి ఉందని నాకొక్కడికే తెలుసు. వాడు గ్లాసు దగ్గరికి తీసుకుని ఆగిపోయాడు. మళ్ళీ వాసన చూశాడు. ఊరికి పోయి నాలుగేళ్ళయినవాడు.

"ఎట్లుందిరా?" అన్నాను.

"అన్నా, గిది బీరు గాదే. మనూరి కల్లు. గా పులుపు, గా పొగ... అచ్చం గట్లనే ఉన్నది."

"బాగుందా, లేదా? నిజం చెప్పు."

"గింతకన్న మంచిగ ఎవ్వడు చేస్తడే."

నేనూ తాగాను. నాలుక మీద కొంచెం చురుక్కుమంది. గ్యాసేమో అనుకున్నాను. తృప్తిగా పడుకున్నాను, తృప్తి అనేది నాకు అప్పట్లో ఎంత మిగిలిందో అంత.

పోటీ శనివారం మధ్యాహ్నం జరిగింది. ముగ్గురు న్యాయనిర్ణేతలు బల్ల దగ్గర కూర్చున్నారు. బయట మోటార్‌సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నా సీసా మూత తీయగానే నురగ బల్ల మీదికి పొంగింది. మొదటి ఆయన గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్ళి, తాగకుండానే దించాడు. రెండో ఆమె ఒక గుక్క తాగి నీళ్ళ గ్లాసు అందుకుంది. మూడో ఆయన కాగితం మీద ఏదో రాసి బోర్లించాడు. నేను వాళ్ళ మొహాలు చదివాను. ఆ పని బాగా నేర్చుకున్నాను గదా. తర్వాత మేడం మొహం చూశాను. ఆమె బల్లవైపు చూడటం లేదు, నావైపే చూస్తున్నారు.

పోటీ ముగిసేదాకా ఆగి నన్ను వెనక, గిన్నెలు కడిగే చోటికి పిలిచారు. రెండు గ్లాసులు నా ముందు పెట్టారు. రెండింట్లోనూ తెల్లటి నీళ్ళలాంటిదే ఉంది. ఒకటి మంచినీళ్ళు, ఒకటి వెనిగర్, తాగకుండా వాసన చూసి ఏది నీళ్ళో చెప్పమన్నారు. ఈసారి ఆమె మొహంలో చదవడానికి ఏమీ లేదు. ఎడమది చూపించాను. ఆమె రెండు గ్లాసులూ సింకులో వంపేశారు.

"రెండూ వెనిగరే," అన్నారు. "ఎన్నాళ్ళైంది?"

ఏడాదిన్నర అని చెప్పాను. ఎందుకు చెప్పలేదని అడిగారు. చెబితే పని పోతుందని భయమన్నాను. చెప్పి ఉంటే ఏదైనా దారి చూసేదాన్నని, దాచి కాచిన చేతికి ట్యాంకులు అప్పజెప్పలేనని అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. సహాయకుడి పని ఫిలిప్పీన్స్ అతనికిచ్చారు. అతను బాగా కాచాడు, అందులో అన్యాయమేమీ లేదు. నన్ను స్టోరుకు మార్చారు. బార్లీ బస్తాలు లెక్కపెట్టి పేర్చడానికి ముక్కుతో పనిలేదు. నాకు బాధ కలగాల్సింది. ఎక్కడో కలుగుతున్నట్టే ఉంది కానీ నా దాకా రాలేదు.

గదికి వచ్చేసరికి తమ్ముడు డ్యూటీ ముగించుకుని వచ్చి ఉన్నాడు. స్నానం చేసి, మిగిలిన సీసా ముందు పెట్టుకుని నాకోసం చూస్తున్నాడు. ఫస్ట్ వచ్చిందా అని అడిగాడు. పులిసిపోయిందని చెప్పారన్నాను, కాచే పని ఇంకొకరికిచ్చి నన్ను స్టోరుకు మార్చారని కూడా చెప్పాను.

"పులుసుడేంది? కల్లు పుల్లగనే ఉంటది గదనే."

"బీరు పుల్లగ ఉండొద్దు. చెడిపోయింది."

వాడి మొహం మాడిపోయింది. మంచిగున్నదని చెప్పింది తనేనని, తన వల్లనే నా పని పోయిందని అన్నాడు. నీ తప్పేం లేదన్నాను. వాడు ఒక్కసారిగా తలెత్తాడు.

"మరి నువ్వు గూడ తాగినవ్ గదన్నా. నీకు తెలువలేదా?"

ముక్కు సంగతి చెప్పాను, బాపు బండి వాసన కోసం బెల్లం మరిగించని సంగతి కూడా. ఒకే రోజు రెండోసారి చెప్పడం వల్లనేమో, మాటలు ఎవరివో అన్నట్టు వచ్చాయి. వాడు విన్నాడు. విరిగిన పాల టీ గుర్తొచ్చినట్టుంది, తల ఊపాడు. సీసా తెరిచి, పొంగిన నురగ తగ్గేదాకా ఆగి, గ్లాసులో పోసుకున్నాడు. కళ్ళు మూసుకుని వాసన చూశాడు. వాడి కంటి చివర తడి కనిపించింది. నేను కాచిన దానికి ఒక మనిషి ఏడుస్తున్నాడు, నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. నాకు వాడి మీద అసూయ పుట్టింది. చాన్నాళ్ళకు నాకు స్పష్టంగా తెలిసిన భావం అదొక్కటే.

"అన్నా, మీ బాపు బండి మీద వచ్చినప్పుడు గిదే వాసన వస్తుండెనా?" అని మెల్లగా అడిగాడు.

వాడు నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను. బండి కనిపించింది. క్యాన్లు కనిపించాయి, పొగ కనిపించింది. చర్రుమన్న చప్పుడు కూడా వినిపించింది. ఇంకేం లేదు. ఇన్నాళ్ళూ నేను ముక్కు ఒక్కటే పోయిందనుకున్నాను.

"గిదేరా," అన్నాను. "అచ్చం గిదే."

వాడు సంతోషించాడు. ఇంకో గుక్క తాగాడు.