పిడుగుల వానలో ఎవరు వెళ్తారు?

తడిసిన మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే నాకిప్పటికీ చిన్నప్పటి ఒక ప్రశ్న గుర్తొస్తుంది.

చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ హార్మోనియం వాయిస్తూ పాట పాడించి, ఒక కథ చెప్పి, చివర్లో ప్రశ్న వేసేది. ఆ రోజు ఇలా అడిగింది: "మీతో మాటల్లేని పక్కింటివాళ్ళ మిరపకాయలు కళ్ళంలో ఆరుతున్నాయి. పిడుగుల వాన మొదలైంది. పట్టా కప్పడానికి వెళ్ళేవాళ్ళు లేవండి!"

"వెళ్తాం!" అంటూ అందరూ లేచారు. నేను లేవలేదు. మందిరంలో నిలబడి చెప్పిన మాట సాక్ష్యమనీ, దేవుడు దాన్ని ఆ రోజే చేయించి తీరతాడనీ నా నమ్మకం. బయట అప్పటికే ఉరుముతోంది.

"ఏమే, నువ్వు లేవలేదేం?"

"నేను వెళ్ళను టీచరమ్మా. పిడుగు పడుద్ది."

"పిరికిదండీ ఇది!" అన్నాడు వెనకనుంచి మా అన్న.

టీచరమ్మ హార్మోనియం మూసేసింది. "ఉరిమితే నాకూ భయమేనే. నేను తోడొస్తే వెళ్తావా?"

ఇప్పుడే తీసుకుపోతుందనుకుని బల్లను గట్టిగా పట్టుకున్నాను. ఏడుస్తూనే, వెళ్తానని తలూపాను.

ఇప్పుడు నేనూ పిల్లలకు పాటలు నేర్పి, అలాంటి ప్రశ్నలే వేస్తున్నాను. భయపడవద్దని మాత్రం ఎవరికీ చెప్పను. మంచి పనికి పిలిచిన దేవుడు తోడును కూడా పంపుతాడని చెబుతాను.