చార్టు కాదు, వీపు చూడాలి

మా ఎదురింటి సిస్టరమ్మ మొన్న ఉదయం కన్నుమూసింది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధంతా ఆమెను అలాగే పిలిచేది.

నిజం చెప్పాలంటే, మొదట్లో నాకు ఆమె అంటే గిట్టేది కాదు. మేం గుంటూరు వాళ్లం. ఆమె నల్లగొండ మనిషి, తెలంగాణ ఉద్యమమంటే ముందుండేది. గేటు దగ్గర ఎదురుపడితే ఇద్దరం మొహాలు తిప్పుకునేవాళ్లం.

అప్పట్లో అమ్మ పక్షవాతంతో మంచాన పడింది, మాట కూడా పోయింది. ఇళ్లకు ఆయాలను పంపే ఏజెన్సీ నుంచి వచ్చిన ఆయా, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పినట్టు చార్టులో రాసేది. ఆఫీసు నుంచి రాగానే ఆ చార్టు చూసి తృప్తిపడేదాన్ని.

ఒక బంద్ రోజు బస్సుల్లేక పెద్ద అంబర్‌పేట్ నుంచి ఆయా రాలేదు. సిగ్గు చంపుకుని ఎదురింటి తలుపు తట్టాను.

"సిస్టరమ్మా, అమ్మను ఒక్కదాన్నే లేపలేకపోతున్నానండీ."

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్ల వంటావార్పుకు గరిటెతో బయల్దేరుతున్న మనిషి, దాన్ని మా గుమ్మంలో పెట్టి లోపలికొచ్చింది. పలకరించే ముందే అమ్మ నడుము కింద చెయ్యి పెట్టింది. ఏ రోగి దగ్గరైనా అదే ఆమె అలవాటు. పక్కకు తిప్పితే అరచేయంత పుండు.

తర్వాత చార్టు అందుకుంది. టైము పొద్దున తొమ్మిది. ఆ రోజు గళ్లన్నీ సాయంత్రం ఆరు దాకా నిండి ఉన్నాయి. ముందురోజే రాసేసి వెళ్లింది మహాతల్లి!

"చదువుకున్నదానివే గద, ఏంది గిది? చార్టు కాదు, వీపు సూడాలె!"

ఒళ్లు మండిపోయింది. ఆయా మీద, ఆమె మీద, అన్నిటికంటే నా మీద.

మర్నాడు సిస్టరమ్మ నాతో ఏజెన్సీకి వచ్చింది. మేనేజరు వెకిలిగా నవ్వాడు. "ఉద్యమంల ఉండి ఆంధ్రోళ్ల తరఫున ఒచ్చినవా అమ్మా?"

"పుండుది ఏ జిల్లానో నేను అడగలే. ఇంకెన్ని ఇండ్లల్ల గిట్ల రాపిస్తున్నవ్? ముందు గా ఆయాను పిలువు."

ఆయా వచ్చి ఏడ్చేసింది. రోజుకు మూడిళ్లట, ముందే రాసిపెట్టమన్నది ఆ మేనేజరేనట. సిస్టరమ్మ మిగతా రెండిళ్లకూ వెళ్లి వీపులు చూసింది. మూసారాంబాగ్‌లో ఒక పెద్దాయనకు పుండులో ఎముక కనిపిస్తోంది. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి, ఆ ఏజెన్సీ బోర్డు దించేదాకా ఆమె ఊరుకోలేదు. వాడి నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

రెండు నెలలు రోజూ వచ్చి అమ్మకు కట్టు కట్టింది, రోజూ నన్ను తిట్టింది. అమ్మ నాకు దక్కింది.

ఆఖరి నెలల్లో సిస్టరమ్మే మంచాన పడితే, వాళ్ల కోడలూ నేనూ వంతులేసుకుని చూశాం. చార్టు రాయలేదు.

మొన్న ఆమెను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. దండం పెట్టడానికి వంగి, నడుము కింద చెయ్యి పెట్టాను. అది చూసి కోడలు అటువైపు భుజం పట్టుకుంది. ఇద్దరం కలిసి ఆమెను పక్కకు తిప్పబోయి, ఆగిపోయాం.