మస్తాన్ ముక్క తినలేదు

ఉపవాసం ఉన్న మనిషి పొద్దుగూకక ముందే మాంసం తిన్నాడని నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో అతని కొలువు పోయింది. నేను మాత్రం ఇప్పటికీ అదే ఇంట్లో, అదే పొయ్యి ముందు నిలబడి వండుతున్నాను. ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు ఇదే. ఇది ముందు వినండి. మిగతాది తర్వాత.

జెద్దాలో ఒక పెద్ద కుటుంబానికి వంటవాణ్ని. బడికి పోయింది తక్కువ. డబ్బాల మీది రాతలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు, తిట్లు తింటూ అరబ్బీ నేర్చుకున్నాను. ఇటలీ వాళ్ల వంట కూడా ఒక మకరోనీ డబ్బా వెనక చదివి నేర్చుకున్నదే. సన్నగా కోసిన గొడ్డు మాంసం, వెల్లుల్లి, టమాటా గుజ్జు. అరగంటలో ఇంటిల్లిపాదికీ తయారు. పిల్లలకు అదంటే ప్రాణం.

ఆ మాంసం కోస్తాను, వండుతాను, నోట పెట్టను. చేతికి లేని పట్టింపు నాలుకకెందుకని నవ్వేవాళ్లు నవ్వనీ, నా నియమం నాది. కానీ రుచి చూడని వంటవాణ్ని ఎవరు పెట్టుకుంటారు? అందుకే వీసా ఇచ్చిన యజమానికి, కఫీల్‌కు, ఆ సంగతి దాచాను. ఉప్పు చూసి పెట్టేది డ్రైవర్ మస్తాన్. కడప వాడు.

"మెప్పులన్నీ నీకు, నాలుక మాత్రం నాదా అన్నా! ఇంగో ముక్క ఎయ్యి" అనేవాడు.

రంజాన్ వచ్చింది. మస్తాన్ రోజా, అంటే పగటి ఉపవాసం, ఉన్నాడు. ప్రతి రంజాన్‌లో లాగే ఉప్పు అందాజాగా వేశాను. ఆసారి టమాటా గుజ్జు కొత్త రకం, అందులో ముందే ఉప్పు ఉంది. డబ్బాలు చదివి వంట నేర్చిన నేను ఆ డబ్బా చదవలేదు! ఇఫ్తార్‌కు కూర్చున్న బంధువుల ముందు పిల్లలు మొదటి ముద్దే ఉమ్మేశారు. కఫీల్ వంటగదిలోకి వచ్చి అరిచాడు: "నీకు ఉపవాసం లేదు కదా, రుచి చూడటానికేం?"

"డ్రైవర్ చూశాడు. ఒక ముక్క తిని, సరిపోయిందన్నాడు" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? భయమే అనుకుందాం. మరి భయపడ్డవాడు తెలియక ఎక్కువ వేశానని కాళ్లు పట్టుకోవచ్చు కదా, పక్కవాడి నోట్లో లేని ముక్క పెట్టడమెందుకు? పొట్టకూటి కోసమని మాత్రం అనకండి. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. పొట్ట అతనికీ ఉంది.

మస్తాన్ తినలేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. కఫీల్ తల్లి రోజూ పొద్దుగూకే వేళకు అతనికి ఖర్జూరాలు పంపేది. మర్నాటి నుంచి పంపలేదు. పండగ కాగానే వీసా రద్దు చేసి, ఫైనల్ ఎగ్జిట్ వేసి ఇంటికి పంపేశారు. పోయేముందు గేటు దగ్గర సంచి పట్టుకొని నిలబడ్డాడు.

"అన్నా, నేను తిన్నానా?"

"నా కొలువు పోతది తమ్మీ. నీకు బండి నడుప వస్తది, యాడన్న దొరుకుతది."

"కొలువు సంగతి నేనడగలే. తిన్నానా, లేదా?"

నేను లోపలికి వచ్చి గేటు వేసుకున్నాను.

ఏళ్ల తరబడి నా నియమాన్ని కాపాడింది అతను. అతని నియమం పోయిందని చాటింది నేను.

ఈ రంజాన్‌లో, కడప వైపు దుకాణదారు ఒకాయన ద్వారా మస్తాన్ నంబరు దొరికింది. వాట్సాప్‌లో నా గొంతుతోనే అంతా ఒప్పుకొని పంపాను. తిడతాడనుకున్నాను. 'పోనీలే అన్నా' అంటాడని లోలోపల ఆశ కూడా పడ్డాను, సిగ్గులేక. రెండూ కాలేదు.

మీతో చెప్పాక ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది. అది క్షమాపణ దొరకడం కాదు, నాకు తెలుసు. ఈ సాయంత్రం మళ్లీ అదే వంట. కఫీల్ తల్లి ముసలిదైనా చెవులు ఇంకా బాగానే పనిచేస్తాయి. గిన్నె బల్ల మీద పెట్టకముందే, అందరూ వింటుండగా చెప్తాను. పోయే కొలువు పోనీ. వెనక్కి తగ్గేది లేదు. ఎందుకంటే పొద్దున మస్తాన్ దగ్గర నుంచి జవాబు వచ్చింది:

"నేను తినలేదని నాకు తెలీదా అన్నా? నాకెందుకు చెప్తాండావు? ఖర్జూరాలు పంపిన ఆ అవ్వకు చెప్పు."